ఇంజన్ చేపిచ్చినంక బాపు బండి పొద్దుగాల స్టార్ట్ అయితలేదు, జర చూడుండ్రి

బాపుబండి (హన్మకొండ)

అందరికీ నమస్తే. ఇది జర పొడుగున్నది, ఓపికతోని చదవుండ్రి.

నాది కైనెటిక్ హోండా, 98 సీసీ, టూ స్ట్రోక్. 1996ల మా బాపు కొన్నడు. బాపు కాజీపేటల రైల్వే నౌకరీ చేసిండు. ఆయన పోయినంక బండిని మూలకు పెట్టి దుమ్ము పట్టనియ్యబుద్ధి కాలే, నేనే నడుపుతున్న. వడ్డేపల్లి నుంచి ధర్మసాగర్ అవుతల నేను పాఠాలు చెప్పే బడికి రానుపోను 30 కిలోమీటర్లు దాటుతది. గేర్లు లేవు, చీరతోని కూసున్నా ఇబ్బంది లేదు, కాళ్ల కాడ నోటు పుస్తకాల సంచి పడ్తది. "అమ్మేసి కొత్తది తీస్కో" అని మాత్రం రాయకుండ్రి, ఆ మాట ఇంట్ల రోజూ వింటున్న.

దసరా సెలవులల్ల మా తమ్ముడు ఇంజన్ మొత్తం చేపిచ్చిండు. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతుంటే బండి ఆయాసపడ్తున్నదని వాని బాధ. సిలిండర్ బోరు కొట్టిచ్చి అర మిల్లీ ఓవర్‌సైజు పిస్టన్, కొత్త రింగులు ఏపిచ్చిండు. పోర్టులు (సిలిండర్ల గాలి, పొగ పోయే తొవ్వలు) ఆకురాయితోని సాఫు చేపిచ్చిండు. హెడ్డు లేత్ మీద కొంచెం గీకిచ్చిండు. పాత కార్బొరేటర్ తీసి 22 మిల్లీల నోరున్నది పెట్టిచ్చిండు, దానికి చేత్తోని ఎత్తే చోక్ (చల్లని ఇంజన్‌కు పెట్రోల్ పాలు పెంచేది). కొత్త కార్బొరేటర్‌కు ఆయిల్ పంపు కేబుల్ కుదరలేదని పంపు బంద్ పెట్టి, పెట్రోల్‌ల లీటరుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలిపి పొయ్యమన్నరు, అట్లనే పోస్తున్న. ఇంజన్‌కు నల్ల పెయింట్ గూడ కొట్టిచ్చిండు, చూస్తె కొత్త బండి లెక్కనే ఉన్నది.

పికప్ మాత్రం మస్తు పెరిగింది, అబద్ధం చెప్పొద్దు. ఇద్దరం కూసున్నా బ్రిడ్జి ఇగురంగ ఎక్కుతది. మొదట్ల మూడు నాలుగు కిక్కులకే లేస్తుండె. తర్వాత తర్వాత మొండికేసుడు మొదలైంది. పిల్లల హాజరు రాసే అలవాటు కదా, కిక్కుల లెక్క గూడ ఒక పుస్తకంల రాస్తున్న. నవంబర్ మొదటి వారంల రోజుకు 4, రెండో వారంల 7, మూడో వారంల 11, నాలుగో వారంల 16. మొన్న సోమవారం పొద్దుగాల 23 కిక్కులు. కుడి మోకాలు వాచింది. సెల్ఫ్ నొక్కితే అర తిప్పు తిరిగి ఆగిపోతది, ఒక్కోసారి "టక్" అని ఊకుంటది.

నేను చూసినవి చెప్త. ఇరవై కిక్కులు కొట్టినంక ప్లగ్గు ఇప్పితే పొడిగ ఉన్నది, పెట్రోల్ తడి లేదు. రంగు తెల్లగ, సున్నం లెక్క. ప్లగ్గును బాడీకి ఆనిచ్చి కొడితే కరెంట్ నీలంగ మంచిగ వస్తున్నది. కార్బొరేటర్ కింద స్క్రూ వదులు చేస్తే పెట్రోల్ కారుతున్నది, అంటే గిన్నెల పెట్రోల్ ఉన్నట్టే. ఇంకోటి, ఫిల్టర్ పైపు తీసి కార్బొరేటర్ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి కొడితే రెండో కిక్కుకే లేస్తది! నడుస్తున్నప్పుడు సిగ్నల్ కాడ ఎక్సలేటర్ వదిలినా ఇంజన్ మోత వెంటనే తగ్గది, కొంచెంసేపు గట్లనే గుయ్యిమంటది.

పని చేసిన మిస్త్రీ మల్ల కార్బొరేటర్ మార్చాలె, లేకపోతే క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇంజన్ ఇరుసు) ఇప్పాలె అంటున్నడు. తమ్మునికి ఇంక చెప్పలే, వాడు అంత ప్రేమతోని చేపిచ్చిండు. దేని సంగతి ముందుగాల చూడాల్నో చెప్పుండ్రి.

కరీంనగర్_టూస్ట్రోక్

అక్కా, నమస్తే. ఇంత వివరంగ రాసేటోళ్లు దొరకరు. నేను పాత స్కూటీ మీద గివే పనులు చేసిన, నాకు తెలిసింది చెప్త.

కార్బొరేటర్ నోరు పెద్దగైతే పెద్ద రేసుల ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోల్ పోతయి, అందుకే పికప్. కిక్ కొట్టేటప్పుడు మాత్రం ఇంజన్ నెమ్మదిగ తిరుగుతది. నెమ్మదిగ గుంజే గాలి పెద్ద నోట్లకెళ్లి పోతే వేగం ఉండది. వేగం లేకుంటే జెట్టుల (పెట్రోల్ వచ్చే సన్న బెజ్జం) నుంచి పెట్రోల్ పైకి లేవది. బాయిల మోటరు నీళ్లు సన్న పైపుల జోరుగ వస్తయి, గదే మోటరుకు లావు పైపు పెడితే కారుకుంట వస్తయి సూడు, గట్ల. పొడి ప్లగ్గు, తెల్ల రంగు, చెయ్యి అడ్డం పెడితే లేసుడు, మూడూ పెట్రోల్ తక్కువ పడుతున్నదనే చెప్తున్నయి. పైలట్ జెట్టు (చిన్న రేసుల పెట్రోల్ ఇచ్చేది) ఒక నంబరు పెద్దది వేసి చూడు.

చోక్ గురించి ఇంకో మాట. చేత్తోని ఎత్తే చోక్ల రెండు రకాలుంటయి. నోటికి రేకు అడ్డం పడేది ఒకటి. పక్కకెళ్లి వేరే సన్న తొవ్వల పెట్రోల్ ఇచ్చేది ఇంకోటి. నీది రెండో రకమైతే చోక్ ఎత్తినప్పుడు ఎక్సలేటర్ అసలు తిప్పొద్దు. లోపలి స్లైడు (ఎక్సలేటర్ తిప్పితే లేసే మూత) పూర్తిగ మూసుకొని ఉంటేనే దాని ఎనుక గుంజుడు బలంగ ఉంటది, అప్పుడే ఆ సన్న తొవ్వకెళ్లి పెట్రోల్ వస్తది. జర రేసు ఇచ్చినవంటె చోక్ ఉన్నా లేనట్టే. మనోళ్లు పది మందిల తొమ్మిది మంది కిక్ కొట్టుకుంట రేసు ఇస్తరు.

గోదావరిఖని_వైర్‌మన్

టీచరమ్మా, కిక్ సంగతి వేరే, సెల్ఫ్ సంగతి వేరే. రెండూ ఒకటేసారి ఒచ్చినయి కాబట్టి ఒకటే రోగం అనుకుంటున్నరు. సెల్ఫ్ గురించి నేను చెప్త.

హెడ్డు గీకినంక కంప్రెషన్ పెరుగుతది, మోటరుకు బరువు పెరుగుతది, అది నిజమే. కానీ అర తిప్పుకు ఆగేటంత పెరగది. బ్యాటరీ చెడిపోయిందని కొత్తది కొనేముందల మీటరుతోని ఒక పరీక్ష చెయ్యుండ్రి. డీసీ వోల్ట్స్‌ల పెట్టి బ్యాటరీ రెండు మొనల మీద చూడుండ్రి. రాత్రంత ఊకె ఉన్న మంచి బ్యాటరీ 12.6 దగ్గర చూపిస్తది. సెల్ఫ్ నొక్కుకుంట చూస్తె 10 కింద పడిపోతే బ్యాటరీ మీద అనుమానం. 11 దాకా నిలబడి గూడ మోటరు తిరగలేదంటే బ్యాటరీ తప్పు కాదు, తొవ్వల ఎక్కడనో కరెంట్ ఆగుతున్నది.

గప్పుడు మీటరు ఒక వైరు బ్యాటరీ మైనస్‌కు, ఇంకోటి ఇంజన్ మీద పెయింట్ లేని బోల్టుకు పెట్టి సెల్ఫ్ నొక్కుండ్రి. అర వోల్టు దాటిందంటే అర్తింగ్ మంచిగ లేదు. మీరు పెయింట్ ముచ్చట రాసిండ్రు కదా, నాకు అక్కడనే అనుమానం తాకింది. అర్తింగ్ వైరు రింగు కింద పెయింట్ పొర ఉంటే మీటరుల కంటిన్యుటీ వస్తది, బోల్టు చూరల నుంచి సన్న కరెంట్ పోతది. సెల్ఫ్ మోటరు అడిగేటంత కరెంట్ మాత్రం పోది. సింగరేణిల మోటర్ల మీద గిది ఎన్నిసార్లు చూసిన్నో లెక్క లేదు.

జగిత్యాల_స్పేర్స్

మేము భార్యాభర్తలం పాత బండ్ల సామాన్ల దుకాణం నడుపుతం. కౌంటర్ మీద నేనే కూసుంట. ఒకటి చెప్పాలె, ఇప్పుడు బంకులల్ల వచ్చే పెట్రోల్‌ల 20 శాతం ఇథనాల్ ఉంటున్నది. 1996 నాటి బండి రబ్బర్లు దాని కోసం చేసినవి కావు. పెట్రోల్ పైపు, నీడిల్ కొన, కాక్‌ల డయాఫ్రం, గివన్ని ఉబ్బుతయి, లేకపోతే గట్టిపడి పగుల్తయి. ఇథనాల్ ఉన్న పెట్రోల్‌కు అదే గాలితోని కాలాల్నంటె మామూలు దాని కన్న కొంచెం ఎక్కువ పెట్రోల్ పడాలె, చలిల తొందరగ ఆవిరి గాదు, గాలిల తేమను గూడ గుంజుకుంటది. మా జగిత్యాల, ఆదిలాబాద్ దిక్కు డిసెంబర్ వచ్చిందంటె పాత కార్బొరేటర్ బండ్లోళ్లంత దుకాణం ముందల్నే ఉంటరు.

అక్కా, పైపులన్ని ఒక్కసారి మార్చు, పెద్ద ఖర్చు గాదు. నైట్రైల్ రబ్బరుది అడుగు, సైకిల్ రబ్బరు అసలే వాడకు.

ఇంకోటి. బండి ఇంజన్‌ల మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద అనుమతి కావాల్సి వస్తది. అరిగిపోయిన సిలిండర్‌కు బోరు కొట్టిచ్చుడు రిపేర్ కిందికే వస్తదని నేననుకుంటున్న. మిగతా వాటి గురించి ఆర్టీఓ ఆఫీసుల అడిగి ఉంచుకో, పాత బండి ఆర్‌సీ రెన్యూవల్‌కు పోతవు కదా.

కాజీపేట_ఫిట్టర్

బిడ్డా, నేను రిటైర్డ్ ఫిట్టర్ను. కాజీపేట అంటున్నవు, మీ బాపుకు నాకు ఒకటే సైరన్ వినిపిచ్చి ఉంటది. నీ పుస్తకం లెక్క నేను మూడుసార్లు చదివిన. అసలు జవాబు అందుల్నే ఉన్నది.

కరీంనగర్ పిల్లగాడు చెప్పిన కార్బొరేటర్ శాస్త్రం తప్పు గాదు. కానీ జెట్టు చిన్నగుంటే మొదటి రోజే మొండికెయ్యాలె. జెట్టు ఇత్తడిది, నవంబర్ మొదటి వారంల ఎంతున్నదో నాలుగో వారంల గూడ అంతే ఉంటది. నీ బండి 4, 7, 11, 16, 23 అని రోజురోజుకు పెరిగింది. అంటే ఏదో ఒకటి మెల్లమెల్లగ ఊడుతున్నది, ఉబ్బుతున్నది, లేకపోతే పగులుతున్నది. చలి గొంత పెరిగిందనుకో, ఆ లెక్కకు రెండు మూడు కిక్కులు పెరుగుతయి గని ఇరవై పెరగయి.

రెండోది, ఎక్సలేటర్ వదిలినా మోత తగ్గుతలేదన్నవు. అది కార్బొరేటర్ దాటినంక ఎక్కడనో హవా గుంజుతున్నదనే గుర్తు. టూ స్ట్రోక్ ఇంజన్ల పిస్టన్ కింద ఉన్న క్రాంక్ చాంబరే పంపు. పిస్టన్ పైకి పోతే గాలి, పెట్రోల్ కలిసి లోపలికి వస్తయి, కిందికొస్తె ఆ మిశ్రమం పోర్టులకెళ్లి పైకి పోతది. ఆ చాంబర్‌కు సూది మొన అంత బెజ్జం పడ్డా పెట్రోల్ గుంజుడు తగ్గి ఊకె గాలి వస్తది. జోరు మీద ఉన్నప్పుడు ఆ గాలి మనకు అంతగ తెల్వది, కిక్ కొట్టేటప్పుడు అదే సగం పనిని మింగుతది. అరచెయ్యి అడ్డం పెడితే లేస్తున్నదంటె గూడ గదే.

గిప్పుడు నాకు ఒక్కటే జవాబు చెప్పు. ఆయిల్ పంపు బంద్ పెట్టిండ్రన్నవు. పంపు నుంచి ఆయిల్ తెచ్చే సన్న పైపు ఇంజన్ దిక్కు ఒక చిన్న నిప్పల్‌కు ఎక్కి ఉంటుండె. పైపు తీసినంక ఆ నిప్పల్ నోరు దేనితోని మూసిండ్రు?

అది చూసే దాకా బండిని జోరుగ నడపకు. పెట్రోల్ తక్కువైతే టూ స్ట్రోక్‌ల ఆయిల్ గూడ తక్కువైనట్టే, ఆయిల్ పెట్రోల్‌ల్నే ఉన్నది కదా. కొత్త పిస్టన్ సీజ్ అయితది.

బాపుబండి (హన్మకొండ)

పెద్దనాన్నా, మీరు రాసింది చదివి రాత్రే టార్చి లైట్ పట్టుకొని కూసున్న. సీటు కింది డబ్బా ఇప్పితే మానిఫోల్డ్ (కార్బొరేటర్‌ను ఇంజన్‌కు కలిపే గొట్టం) పక్కకు చిన్న నిప్పల్ కనవడ్డది. దానికి సైకిల్ వాల్ ట్యూబ్ ముక్క తొడిగి, అవుతలి కొసను మడిచి తీగతోని కట్టిండ్రు. ఆ ట్యూబ్ ఉబ్బి జిగటజిగటగ, రెండింతలు లావైంది. వేలుతోని ముట్టుకుంటె కింది దిక్కు చీలి ఉన్నది. జగిత్యాల అక్క సైకిల్ రబ్బరు వద్దన్న మాట అప్పుడే యాదికొచ్చింది.

ప్రస్తుతానికి నైట్రైల్ పైపు ముక్క తెచ్చి, లోపల ఒక బోల్టు దిగ్గొట్టి, రెండు క్లిప్పులు వేసిన. పొద్దుగాల 6 కిక్కులు! కళ్లల్ల నీళ్లు తిరిగినయి నిజంగ. 23 నుంచి 6.

గోదావరిఖని అన్నా, మీ పరీక్ష గూడ చేసిన. బడిల సైన్సు సార్ మీటరు ఇచ్చిండు. బ్యాటరీ ఊకె ఉన్నప్పుడు 12.5, సెల్ఫ్ నొక్కితే 11.1. మైనస్ నుంచి ఇంజన్ బోల్టుకు 2.4 వోల్టులు చూపిచ్చింది! అర్తింగ్ బోల్టు ఇప్పితే రింగు కింద నల్ల పెయింట్ మెరుస్తున్నది. బ్లేడుతోని గీకి, ఉప్పు కాగితంతోని తెల్లగ రుద్ది, కొంచెం వాజిలిన్ రాసి బిగిచ్చిన. గిప్పుడు 0.2. సెల్ఫ్ జుమ్మని తిరుగుతున్నది. 

కానీ 6 గూడ ఎక్కువే కదా. మొదట్ల నాలుగుండె. ఇంకెక్కడన్న హవా గుంజుతున్నదా?

కాజీపేట_ఫిట్టర్

శభాష్ బిడ్డా. గిప్పుడు అనుమానం మీద బోల్టులు ఇప్పుకుంట పోవద్దు, కొలిచి చూడాలె. దానికి పెద్ద సామాన్లు అక్కర్లేదు. మీ ఇంటి దగ్గర ఎవరి కాడన్న గడియారం ఉన్న పాత బీపీ మిషన్ దొరుకుతదా? రబ్బరు బుడ్డి, ట్యూబు, ముల్లు ఉన్న డయల్, గంతే కావాలె.

ఇంజన్ చల్లగున్నప్పుడు సైలెన్సర్ తీసి ఆ నోటికి ట్యూబ్ రబ్బరు ముక్క పెట్టి పైన రేకు బిగియ్యి. కార్బొరేటర్ తీసి మానిఫోల్డ్ నోరు రబ్బరు బిరడతోని గట్టిగ మూయి. ప్లగ్గు బిగిచ్చే ఉండాలె. పిస్టన్‌ను పూర్తిగ కిందికి తెచ్చి పెట్టు, అప్పుడు పోర్టులన్ని తెరుసుకొని కింద, మీద ఒకటే గది అయితది. పెట్రోల్ కాక్‌కు పోయే వ్యాక్యూమ్ నిప్పల్‌కు బీపీ ట్యూబు తొడుగు. మెల్లగ బుడ్డి ఒత్తి ముల్లు 200 దాకా తే. 300 దాటనియ్యకు, క్రాంక్ కొసలకున్న రబ్బరు సీళ్లు తోసుకొని వస్తయి. గాలి వదిలే స్క్రూ మూసి గడియారం చూడు. నిమిషానికి కొద్దిగ దిగితె పరవాలేదు. కళ్ల ముందల్నే పడిపోతే లీకున్నట్టు. అప్పుడు సబ్బు నురగ కుంచెతోని సిలిండర్ కింద ప్యాకింగ్‌కు, హెడ్డుకు, మానిఫోల్డ్‌కు రాసుకుంట పో, బుగ్గలు వచ్చిన కాడ దొరుకుతది. ఎక్కడా బుగ్గలు రాక గూడ ముల్లు దిగుతుంటె క్రాంక్ సీళ్లు.

ఇగ అసలు ముచ్చట. బోరు కొట్టిచ్చుడు మంచి పని, అరిగిన సిలిండర్‌కు ప్రాణం పోసినట్టే. కానీ అర మిల్లీ పిస్టన్ పెరిగితే సీసీ ఎంత పెరుగుతదో లెక్క కట్టినవా? లెక్కల టీచర్‌వో కాదో నాకు తెల్వది, కట్టి చూడు. రెండు సీసీలే. ఆ రెండు సీసీల కోసం 22 మిల్లీల కార్బొరేటర్ అక్కర్లేదు. నీకు దొరికిన పికప్‌ల ఎక్కువ పాలు కొత్త బోరు, కొత్త రింగులు, సాఫైన పోర్టులదే. పాత కార్బొరేటర్ ఉన్నదా, పారేసిండ్రా? ఉంటే అదే పెట్టు, ఆయిల్ పంపు గూడ పెట్టు. రోజూ బడికి పోయే మనిషి లీటరుకు ఇంత అని కలుపుకుంట పోతే ఒక్కరోజు మర్చిపోతరు. ఆ ఒక్కరోజు చాలు పిస్టన్ పట్టుకోనీకి.

కరీంనగర్_టూస్ట్రోక్

తాతా, పైలట్ జెట్టు అని నేను తొందరపడ్డ. పుస్తకంల లెక్క మీరు చూసినట్టు నేను చూడలే. కానీ పెద్ద కార్బొరేటర్‌ను గింత తొందరగ తీసుడు నాకు మనసొప్పుతలేదు. అక్కా, ఒక్కసారి ఎయిర్ స్క్రూ చూడు. నెమ్మదిగ లోపలికి పూర్తిగ బిగిచ్చి, అక్కడి నుంచి ఒకటిన్నర తిప్పు బయటికి తియ్యి. అది గాలి స్క్రూ అయితే లోపలికి తిప్పుతుంటె పెట్రోల్ పెరుగుతది. ఒక తిప్పు దాకా తెచ్చి చూడు, 6 నుంచి 3కు రావాలె.

పోర్టులు సాఫు చేసిండ్రు కాబట్టి పాత కార్బొరేటర్ పెడితే మెయిన్ జెట్టు (పెద్ద రేసుల పెట్రోల్ ఇచ్చేది) సరిపోతదా లేదా ప్లగ్గు రంగు చూసుకోవాలె. గోధుమ రంగు ఉంటే బేఫికర్. తెల్లగ వస్తే ఒక నంబరు పెంచు.

బాపుబండి (హన్మకొండ)

ఆదివారం మొత్తం బండి కాడనే. మా పక్కింటి ఏఎన్ఎం అక్క పాత బీపీ మిషన్ ఇచ్చింది, "మనిషికి చూసిన గని బండికి బీపీ చూసుడు గిదే మొదటిసారి" అని ఆమె గూడ పక్కకు కూసున్నది. 200కు ఎక్కిచ్చినం. మూడు నిమిషాలల్ల 190కి వచ్చింది. మానిఫోల్డ్ కాడ సబ్బు నురగల సన్న బుగ్గలు రెండు వచ్చినయి. బోల్టులు ఒక్కొక్కటి కొంచెం కొంచెం బిగిస్తె అవి గూడ ఆగినయి. సీళ్లు మంచిగున్నయని పెద్దనాన్న చెప్పకముందే నాకు అర్థమైంది. క్రాంక్ ఇప్పాలె అన్న మాటకు ఒప్పుకొని ఉంటే ఏమయ్యేదో.

ఎయిర్ స్క్రూ కరీంనగర్ తమ్ముడు చెప్పినట్టే రెండుంబావు తిప్పుల నుంచి ఒక తిప్పుకు తెచ్చిన. చోక్ ఎత్తినప్పుడు ఎక్సలేటర్ ముట్టుకోలే. తెల్లారి 3 కిక్కులు. మీ మాట నిజమే తమ్ముడూ.

సీసీ లెక్క గూడ కట్టిన పెద్దనాన్నా, రెండే వస్తున్నది! బోర్డు మీద పిల్లలకు గూడ కట్టి చూపిచ్చిన. సిలిండర్ ఘనపరిమాణం అంటె ఏందో వాళ్లకు గంత తొందరగ ఎన్నడూ ఎక్కలే.

రాత్రి మా తమ్మునికి ఫోన్ చేసిన. దాచిపెట్టుడు తప్పనిపిచ్చింది. ముందుగాల చాలాసేపు మాట్లాడలే. తర్వాత "అక్కా, బాపు దాన్ని ఎన్నడన్న రెండు కిక్కుల మీద కొట్టిండా" అని అడిగిండు. సంక్రాంతికి వస్తడట, పాత కార్బొరేటర్ వాని అలమారల్నే ఉన్నదట, పారేయలే.

కాజీపేట_ఫిట్టర్

పాత కార్బొరేటర్‌కు ఆటో చోక్ ఉంటది బిడ్డా. ఇన్ని దినాలు పక్కకు పడి ఉన్నది కాబట్టి పెట్టేముందల ఒక పరీక్ష చెయ్యుండ్రి. చల్లగున్నప్పుడు చోక్ తొవ్వల సన్న పైపు పెట్టి ఊదితే గాలి పోవాలె. తర్వాత దాని వైర్లకు 12 వోల్టులు ఇచ్చి ఐదు నిమిషాలు ఆగు, లోపలి పుల్ల వేడికి సాగి తొవ్వ మూసుకుంటది, అప్పుడు ఊదితే పోవద్దు. రెండూ అయితే చోక్ బతికి ఉన్నట్టు. వైరు పెట్టుడు మర్చిపోతే చోక్ ఎప్పటికి తెరుచుకొనే ఉంటది, పొద్దుగాల మంచిగ లేస్తది గని వేడెక్కినంక ప్లగ్గు నల్లగయి సతాయిస్తది. ఆయిల్ పంపు పెట్టినంక పైపుల గాలి బుడగలు లేకుంట చూసుకో. మొదటి ట్యాంకు మాత్రం పెట్రోల్‌ల గూడ కొంచెం ఆయిల్ కలిపే పొయ్యి, పంపు పనిచేస్తున్నదని నమ్మకం వచ్చే దాకా.

బాపుబండి (హన్మకొండ)

సంక్రాంతి అయిపోయినంక రాస్తున్న.

తమ్ముడు వచ్చి రెండు దినాలు వాకిట్ల తట్టు పరుచుకొని కూసున్నడు. పాత కార్బొరేటర్ పెట్రోల్‌ల నానబెట్టి, జెట్లల్ల గాలి కొట్టి, లోపలి రబ్బర్లన్ని జగిత్యాల అక్క పంపిన కిట్టుతోని మార్చిండు. ఆటో చోక్ పెద్దనాన్న చెప్పినట్టే పరీక్ష చేసినం, బతికే ఉన్నది. ఆయిల్ పంపు మల్ల ఎక్కింది, ఆ నిప్పల్ మీదికి దాని పైపు అదే వచ్చి కూసున్నది. మెయిన్ జెట్టు ఒక నంబరు పెంచాల్సి వచ్చింది, ప్లగ్గు ముందుగాల తెల్లగ వచ్చింది, గిప్పుడు గోధుమ రంగు.

పెద్ద కార్బొరేటర్ ఉన్నప్పటి కన్న పికప్ జర తగ్గింది, ఉన్నదున్నట్టు చెప్త. ఫాతిమానగర్ బ్రిడ్జి మాత్రం ఇద్దరం కూసున్నా ఎక్కుతున్నది.

పుస్తకంల గిప్పుడు కిక్కుల గడి ఖాళీగ ఉంటున్నది. పొద్దుగాల సెల్ఫే. సెల్ఫ్ లేకుంట చూద్దామని నిన్న ఒక్కసారి కిక్ కొట్టిన, రెండోదానికి లేసింది.

22 మిల్లీల కార్బొరేటర్ డబ్బాల పెట్టి ఉంచిన, చోక్, కేబుల్ అన్ని ఉన్నయి. కరీంనగర్ తమ్ముడూ, నీ స్కూటీకి పనికొస్తదంటె చెప్పు. పైసలు అక్కర్లేదు. హన్మకొండ బస్టాండ్‌ల కరీంనగర్ బస్సు ఆగే కాడికి ఆదివారం తెచ్చిస్త.